సర్వమత సెమినరీ, సీపీఈ, మాస్టర్స్: అమెరికాలో ఏ పనికి ఏ చదువు

అమెరికాలో సర్వమత సేవలోకి, అంటే ఏ మతంవాళ్లకైనా పెళ్లి, అనారోగ్యం, మరణం లాంటి సందర్భాల్లో తోడుగా నిలిచే పనిలోకి రావాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ స్కూల్ మంచిది?" అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆ స్కూల్ ఇచ్చే కాగితాన్ని రేపు ఎవరి బల్ల మీద పెట్టబోతున్నారు? పెళ్లి లైసెన్సు ఇచ్చే క్లర్కు ఒక కాగితం అడుగుతాడు, ఆసుపత్రి హెచ్‌ఆర్ వాళ్లు ఇంకొకటి, సర్టిఫికేషన్ బోర్డు మూడోది, సైన్యం నాలుగోది. ఒకరి దగ్గర చెల్లిన కాగితం మరొకరి దగ్గర చెల్లకపోవచ్చు. రెండేళ్లు చదివి, కొన్ని వేల డాలర్లు కట్టాక "మీ సర్టిఫికెట్ మాకు లెక్కలోకి రాదు" అనిపించుకునేవాళ్లలో ఎక్కువమంది చేరింది చెడ్డ స్కూల్లో కాదు. మంచి స్కూల్లోనే చేరారు, కానీ తమకు కావాల్సిన తలుపుకి సరిపడని తాళంచెవి తీసుకున్నారు.

అందుకని ముందు పేర్లు విడదీసుకుందాం, గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

ఆర్డినేషన్ అంటే ఒక మత సమాజమో, మతాచార్యులకు శిక్షణ ఇచ్చే స్కూల్ అయిన సెమినరీయో మిమ్మల్ని మతాచార్యులుగా నియమించడం. అది చదువుకి కొలత కాదు. డిగ్రీ, గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అన్నవి క్రెడిట్ల లెక్కతో విశ్వవిద్యాలయాలు ఇచ్చేవి. సీపీఈ, అంటే క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్, ఆసుపత్రి లాంటి చోట పర్యవేక్షణలో చేసే శిక్షణ. దీన్ని యూనిట్లలో లెక్కిస్తారు. ఎండార్స్‌మెంట్ అంటే "ఈ వ్యక్తి మా సంప్రదాయానికి చెందినవాడు, మా తరఫున సేవ చేయడానికి తగినవాడు" అని మత సంస్థ రాసి ఇచ్చే హామీ. బోర్డ్ సర్టిఫికేషన్ ఏ స్కూలూ ఇచ్చేది కాదు. వృత్తి సంఘానికి చెందిన బోర్డు, పై వాటన్నిటినీ చూసి, ఇంటర్వ్యూ చేసి ఇస్తుంది. చాప్లిన్ అంటే ఆసుపత్రి, సైన్యం లాంటి చోట్ల ఆధ్యాత్మిక సేవ చేసేవారు. సెమినరీ ప్రకటనలో "సర్టిఫైడ్ చాప్లిన్ అవ్వండి" అని కనిపిస్తే, ఆ సర్టిఫై చేసేది సెమినరీయా, బోర్డా అని అడగండి. చాలాసార్లు సెమినరీయే.

పెళ్లిళ్లు చేయించడం వరకే అయితే

వేర్వేరు మతాల జంటలకు పెళ్లి చేయించడం, నామకరణాలు, సంస్మరణ సభలు నడిపించడం మీ ఉద్దేశమైతే ఒకటి రెండేళ్ల సర్వమత సెమినరీ కోర్సు సరిపోతుంది. ఈ తరహా చదువుకు అమెరికాలో పాత ఉదాహరణ న్యూయార్క్‌లో 1979లో మొదలైన ద న్యూ సెమినరీ. యూదు రబ్బీ జోసెఫ్ గెల్బర్‌మన్ దాని వ్యవస్థాపకుడు. తర్వాత వచ్చిన చాలా కోర్సులు ఇంచుమించు ఇదే దారిలో నడుస్తున్నాయి. నెలకో మతం చొప్పున పరిచయం, క్రతువులు రాయడం, సలహా సంప్రదింపుల మెళకువలు, చివర్లో ఆర్డినేషన్. ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లో, వారాంతాల్లో జరుగుతుంది.

చట్టం సంగతి మాత్రం రాష్ట్రానికో తీరు. వర్జీనియాలో మతాచార్యులు సర్క్యూట్ కోర్టు క్లర్కుకి ఆర్డినేషన్ రుజువుతో పాటు తమ మత సమాజంలో సక్రమంగా కొనసాగుతున్నట్టు చూపించి అనుమతి తీసుకోవాలి. కాబట్టి పట్టభద్రులైన చాలా ఏళ్లకి కూడా సెమినరీ అలాంటి ఉత్తరం ఇస్తుందా, దానికి ఏటా సభ్యత్వ రుసుం కట్టాలా అన్నది చేరేముందే తెలుసుకోవాలి. టెనెసీలో 2019లో వచ్చిన చట్టం, ఆన్‌లైన్‌లో ఆర్డినేషన్ పొందినవాళ్లు పెళ్లి చేయించకూడదంది. దాని మీద కోర్టు వ్యాజ్యాలూ నడిచాయి. రెండేళ్లు చదివి పొందిన ఆర్డినేషన్ ఐదు నిమిషాల ఆన్‌లైన్ ఆర్డినేషన్‌తో సమానం కాదని అక్కడ వాదించాలంటే హాజరు, పాఠ్యప్రణాళిక, ఆర్డినేషన్ జరిగిన తేదీ, స్థలం ఉన్న పత్రాలు చేతిలో ఉండాలి.

మరో వైపు, కొలరాడోలో జంట తమ పెళ్లి తామే చేసుకుని సంతకం పెట్టుకోవచ్చు, ఆచార్యుడు అక్కర్లేదు. కాలిఫోర్నియాలోని చాలా కౌంటీలు ఒక్క రోజుకి డిప్యూటీ మ్యారేజ్ కమిషనర్‌గా మామూలు మనిషిని నియమిస్తాయి. మేనకోడలి పెళ్లి ఒక్కటీ చేయించాలనుకునేవాళ్లు సెమినరీ మెట్లెక్కే ముందు ఈ దారి చూసుకోవడం మేలు.

కొత్తగా పెళ్లిళ్లు చేయించేవాళ్లు తడబడేది మంత్రాల దగ్గర కాదు, లైసెన్సు దగ్గర. న్యూయార్క్ రాష్ట్రంలో లైసెన్సు తీసుకున్న 24 గంటల తర్వాతే పెళ్లి జరగాలి. లైసెన్సు 60 రోజులు చెల్లుతుంది. పెళ్లయ్యాక 5 రోజుల్లోపు, సంతకాలు పూర్తి చేసిన లైసెన్సును దాన్ని ఇచ్చిన క్లర్కుకి తిరిగి చేర్చే బాధ్యత పెళ్లి చేయించినవారిదే. పక్క రాష్ట్రానికి వెళ్తే ఈ అంకెలన్నీ మారిపోతాయి. మీరు చూస్తున్న కోర్సులో ఈ భాగానికి ఒక్క తరగతైనా ఉందో లేదో పాఠ్యప్రణాళికలో వెతకండి.

ఆసుపత్రి, హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ) చాప్లిన్ అవ్వాలంటే

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఈ రంగంలో అందరూ చూసే సర్టిఫికేషన్ బోర్డ్ ఆఫ్ చాప్లిన్సీ సర్టిఫికేషన్ ఇన్‌కార్పొరేటెడ్, పొట్టిగా బీసీసీఐది (మన క్రికెట్ బోర్డు కాదు లెండి). ఇది అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ చాప్లిన్స్‌కు అనుబంధంగా ఉన్న బోర్డు. అది అడిగేవి స్థూలంగా ఇవి. మతం, వేదాంతం, ఆధ్యాత్మిక సేవ లాంటి రంగాల్లో 72 సెమిస్టర్ క్రెడిట్ల గ్రాడ్యుయేట్ చదువు. నాలుగు సీపీఈ యూనిట్లు. ఆ యూనిట్ల గంటలు కలపకుండా, విడిగా 2,000 గంటల చాప్లిన్ పని అనుభవం. మీ సంప్రదాయం నుంచి ఎండార్స్‌మెంట్. ఇవి ఉన్నాక వృత్తి సామర్థ్యాల మీద ఒక్కొక్క దానికీ వ్యాసం రాసి, కమిటీ ముందు కూర్చోవాలి. ఇంతకంటే తక్కువ అర్హతలతో అసోసియేట్ స్థాయి కూడా ఉంది.

ఈ లెక్కలో రెండేళ్ల సర్వమత సెమినరీ కోర్సుకి ఎన్ని క్రెడిట్లు వస్తాయి? ఆ సెమినరీకి గుర్తింపు ఉన్న అక్రెడిటేషన్ (చదువు ప్రమాణాలను బయటి సంస్థ పరిశీలించి ఇచ్చే ఆమోదం) లేకపోతే, నేరుగా వచ్చేది సున్నా. గంటలు ఎన్ని చదివినా సరే. సమానత్వం (ఈక్వివలెన్సీ, అంటే ఆ చదువు అడిగినదానికి సమానమని బోర్డు ఒప్పుకోవడం) కోసం విడిగా దరఖాస్తు పెట్టుకునే వీలు ఉన్నా, దాన్ని నమ్ముకుని మొదలుపెట్టడం తెలివైన పని కాదు.

ఉదాహరణకి, కంప్యూటర్ సైన్స్‌లో 36 క్రెడిట్ల ఎంఎస్ ఉన్న మనిషి అనుకుందాం. ఆ 36 ఈ రంగానివి కావు కాబట్టి పక్కన పెట్టండి. ఆయన సెమినరీలో రెండేళ్లు చదివి ఆర్డినేషన్ తెచ్చుకుంటే 72కి ఇంకా 72 బాకీ. దాని బదులు గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయంలో 24 క్రెడిట్ల సర్వమత చాప్లిన్సీ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చేస్తే 48 బాకీ. 36 క్రెడిట్ల ఎంఏ చేస్తే మరో 36 బాకీ. ఎండివ్, అంటే మాస్టర్ ఆఫ్ డివినిటీ చేస్తే బాకీ తీరిపోతుంది, ఎందుకంటే అసోసియేషన్ ఆఫ్ థియలాజికల్ స్కూల్స్ ప్రమాణాల ప్రకారం ఎండివ్‌కి కనీసం 72 క్రెడిట్లు ఉండాలి. క్రెడిట్‌కి 700 డాలర్లు అనుకుంటే 72 క్రెడిట్లకు 50,400 డాలర్లు. ఈ అంకె చూసి వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది, తగ్గడంలో తప్పూ లేదు. కానీ తగ్గాక సెమినరీ ఆర్డినేషన్‌తోనే అదే ఉద్యోగం వస్తుందనుకోవడం మాత్రం పొరపాటు.

గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి. ఈ 24 క్రెడిట్లనూ తర్వాత మీ ఎండివ్‌లోకి పూర్తిగా కలుపుకుంటారా? కొన్ని స్కూళ్లు అన్నీ కలుపుకుంటాయి, కొన్ని సగమే. ఎండివ్ చేస్తూ తీసుకున్న సీపీఈ యూనిట్‌కి చాలా స్కూళ్లు కొన్ని క్రెడిట్లు ఇస్తాయి. అలాంటి చోట ఒకే శ్రమ రెండు చోట్ల లెక్కలోకి వస్తుంది, డబ్బూ కొంత మిగులుతుంది.

సర్వమత దృష్టితో నడిచే గుర్తింపు పొందిన చదువులు అరుదేమీ కాదు. కనెటికట్‌లోని హార్ట్‌ఫర్డ్ సెమినరీ 2021లో హార్ట్‌ఫర్డ్ ఇంటర్నేషనల్ యూనివర్సిటీ ఫర్ రెలిజియన్ అండ్ పీస్‌గా పేరు మార్చుకుంది. ముస్లిం చాప్లిన్ల శిక్షణకు దానికి మంచి పేరుంది. బర్క్‌లీలోని గ్రాడ్యుయేట్ థియలాజికల్ యూనియన్ 1962 నుంచి వేర్వేరు సెమినరీలను ఒక గొడుగు కిందికి తెచ్చిన సంస్థ, అక్కడ ధర్మ అధ్యయనాలకు కేంద్రం కూడా ఉంది. న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీ 1836 నాటిది, అక్కడ క్రైస్తవేతర సంప్రదాయాల విద్యార్థులూ చదువుతారు. వీటికీ వారాంతపు సర్వమత సెమినరీలకీ తేడా బోధనలో ఉండే ప్రేమలో కాదు. ట్రాన్స్‌స్క్రిప్ట్‌లో ఉంది.

సీపీఈ: తరగతి గదిలో దొరకనిది

1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక చికిత్సాలయంలో చాప్లిన్ ఆంటన్ బాయ్సెన్, సెమినరీ విద్యార్థుల్ని పుస్తకాలకు బదులు రోగుల దగ్గర నేర్చుకోమని తీసుకెళ్లాడు. ఇప్పటి సీపీఈకి మూలం అదే. ఈ శిక్షణా కేంద్రాలకు అక్రెడిటేషన్ ఇచ్చే ప్రధాన సంస్థ ఏసీపీఈ 1967లో ఏర్పడింది.

ఒక యూనిట్ అంటే కనీసం 400 గంటలు. అందులో కనీసం 100 గంటలు బృంద చర్చలు, పర్యవేక్షకుడితో ముఖాముఖి, మిగతాదాంట్లో అధిక భాగం వార్డుల్లో. వేసవిలో పూర్తికాలం చేస్తే పది పన్నెండు వారాలు. ఉద్యోగం చేస్తూ చేస్తే ఆరు నుంచి తొమ్మిది నెలలు. రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పూర్తికాల శిక్షణ అయితే ఏడాదిలో మూడు నాలుగు యూనిట్లు పూర్తవుతాయి, స్టైపెండ్ కూడా ఇస్తారు. నాలుగు యూనిట్లకు మొత్తం 1,600 గంటలు. నలభై గంటల ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ యూనిట్ చేయాలనుకునేవాళ్లు వారానికి 12 నుంచి 15 గంటలు పక్కన పెట్టుకోవాలి. దానిలో రాత్రి ఆన్‌కాల్ కూడా ఉండొచ్చు. రాత్రి రెండింటికి ఎమర్జెన్సీ నుంచి పిలుపొస్తే ఇంట్లో చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారన్నది దరఖాస్తుకి ముందే తేలాలి.

దరఖాస్తులో మీ జీవితకథ, మీ మత జీవితం సాగిన తీరు, మీరు ఎవరికైనా సాయపడిన ఒక సంఘటన విడివిడిగా రాయమంటారు. సాయం అనగానే చాలామంది ఫలితం రాస్తారు. వాళ్లు చూసేది మీరు ఏం చేశారు, అప్పుడు మీలో ఏం జరిగింది అని. ఎంపికయ్యాక టీకాల రికార్డు, టీబీ పరీక్ష, నేరచరిత్ర తనిఖీ ఉంటాయి. చిన్నప్పటి టీకాల కాగితాలు దొరకనివాళ్లు రక్తపరీక్షతో రోగనిరోధకత చూపించాల్సి వస్తుంది, దానికి రెండు మూడు వారాలు ముందే మొదలుపెట్టాలి.

ఇక లోపల జరిగేది. రోగితో మాట్లాడి వచ్చి, ఆ సంభాషణను జ్ఞాపకం నుంచి మాటకు మాట రాస్తారు. దీన్ని వర్బేటిమ్ అంటారు. ప్రతి మాటకీ వరుస సంఖ్య వేస్తారు. ఒక నమూనా ఇలా ఉంటుంది:

చా 1: నమస్కారమండీ, నేను ఈ వార్డు చాప్లిన్‌ని. కాసేపు కూర్చోవచ్చా?
రో 1: కూర్చోండి. కానీ నేను గుళ్లూ చర్చిలూ మానేసి ముప్పై ఏళ్లయింది.
చా 2: పర్వాలేదండీ. ఏ మతమైనా చెప్పేది మంచే కదా.
రో 2: (కిటికీ వైపు చూస్తూ) ఊఁ.

బృందం ఆగేది చా 2 దగ్గర. ఆ రోగి ముప్పై ఏళ్లనాడు ఏదో జరిగిందని చెప్పీ చెప్పకుండా చెప్పాడు. విద్యార్థి దాన్ని వినలేదు, సర్వమత సూక్తి ఒకటి అడ్డం పెట్టుకున్నాడు. "మానేశారా?" అని ఒక్క మాట అడిగి ఊరుకుని ఉంటే సంభాషణ ఇంకోలా నడిచేది. ఎందుకలా జారుకున్నావు, మతం వదిలేసిన మనిషి ఎదురైతే నీకు భయమా అని తోటి విద్యార్థులు అడుగుతారు. సమాధానం చెప్పాలి. సర్వమత సెమినరీ పది మతాల గురించి చెప్పగలదు. ఈ చా 2 దగ్గర మిమ్మల్ని పట్టి ఆపడం దానికి కష్టం, ఆపడానికి అక్కడ రోగులూ లేరు, అంత చిన్న బృందమూ ఉండదు. అందుకే ఏ దారిలో వెళ్లాలో ఎటూ తేల్చుకోలేకపోతున్నవాళ్లకు మా సలహా ఒక్కటే: ముందు ఒక్క సీపీఈ యూనిట్ చేయండి. మాస్టర్స్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఈ పని మీకు పడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. సాధారణంగా మాస్టర్స్ పూర్తవకుండానే మొదటి యూనిట్‌కి తీసుకునే కేంద్రాలు ఉన్నాయి.

చూసుకోవాల్సింది ఒకటి. "సీపీఈ" అనే పేరుతో ఏసీపీఈ బయట కూడా కోర్సులు నడుస్తాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ ఏసీపీఈ కేంద్రంలో చేసిన యూనిట్‌ను బీసీసీఐ నేరుగా తీసుకుంటుంది, కొన్ని ఇతర సంస్థల యూనిట్లకు సమానత్వం అడగాల్సి వస్తుంది. అలాంటి కేంద్రంలో చేరేముందు బోర్డుకే ఈమెయిల్ రాసి జవాబు దాచుకోండి. నోటిమాట పనికిరాదు.

ఎండార్స్‌మెంట్ ముడి

క్రెడిట్లు, యూనిట్లు డబ్బుతో, కాలంతో వస్తాయి. ఎండార్స్‌మెంట్ అలా రాదు. దీన్ని చివరికి వదిలేసినవాళ్లు అన్నీ పూర్తిచేసి ఆఖరి మెట్టు మీద ఆగిపోతారు.

క్రైస్తవ శాఖలకు, యూదులకు ఎండార్స్ చేసే కార్యాలయాలు ఎప్పటినుంచో ఉన్నాయి. హిందువుల పద్ధతి వేరు. మనకు అందరినీ ఏలే పీఠం ఒకటి లేదు, ఆర్డినేషన్ అనే ఏర్పాటూ లేదు. ఎవరు రాసి ఇవ్వాలి? ఊళ్లో గుడి ధర్మకర్తలు ఇచ్చే ఉత్తరం ఒక్కోసారి చాలదు. ఎండార్స్ చేసే సంస్థగా బోర్డు దగ్గర నమోదై ఉండాలి, మీ బాధ్యత తీసుకోవాలి, తేడా వస్తే వెనక్కి తీసుకునే పద్ధతి దానికి ఉండాలి. సైన్యంలో అయితే రక్షణ శాఖ గుర్తించిన సంస్థ కావాలి. 2011లో అమెరికా సైన్యంలో మొదటి హిందూ చాప్లిన్‌గా ప్రతిమా ధర్మ్ గుర్తింపు పొందింది చిన్మయ మిషన్ వెస్ట్ ఎండార్స్‌మెంట్‌తో. సైన్యం కూడా 72 సెమిస్టర్ గంటల గ్రాడ్యుయేట్ చదువు అడుగుతుంది, అందులో కనీసం 36 మతం, వేదాంతం, సంబంధిత విషయాల్లో ఉండాలి. ఆసుపత్రి దారిలో వెళ్లే హిందువులు ముందుగా నార్త్ అమెరికన్ హిందూ చాప్లిన్స్ అసోసియేషన్‌లో ఉన్నవాళ్లను కలిసి మాట్లాడితే చాలా తిరుగుడు తప్పుతుంది.

ఇక్కడే సర్వమత ఆర్డినేషన్ ఒక చిక్కు తెస్తుంది. మీరు సర్వమత ఆచార్యులుగా ఆర్డినేషన్ పొందితే, మీకు సహజంగా ఎండార్స్‌మెంట్ రావాల్సింది సర్వమత సమాజం నుంచే. కొన్ని సెమినరీలకు అనుబంధంగా అలాంటి సమాజం ఉండి ఆ పని చేస్తుంది, చాలా వాటికి ఉండదు. మరోవైపు మీ సొంత సంప్రదాయ సంస్థ "ఈయన వేరే చోట ఆర్డినేషన్ తీసుకున్నాడు కదా, ఇప్పుడు మా మనిషేనా?" అని సందేహించవచ్చు. అంటే రెండు పడవల మీద కాలు. కాబట్టి హిందువుగానో ముస్లింగానో చాప్లిన్ అవుదామనుకుంటే సర్వమత స్కూల్లో చదవండి, కానీ ఆర్డినేషన్ తీసుకునే ముందు మీ ఎండార్స్ చేసే సంస్థను అడగండి. చదువు వేరు, ఆర్డినేషన్ వేరు. చాలా సెమినరీలు ఆర్డినేషన్ లేకుండా కోర్సు మాత్రమే పూర్తిచేసే వీలిస్తాయి.

ఎండార్స్‌మెంట్ ఒకసారి వస్తే ఎప్పటికీ ఉండేదీ కాదు. సంస్థ వెనక్కి తీసుకుంటే బోర్డ్ సర్టిఫికేషన్ కూడా నిలవదు.

వీసా మీద ఉన్నవాళ్లు

ఎఫ్‌-1 మీద చదవాలంటే ఆ స్కూల్‌కి ఐ-20 (విద్యార్థి వీసాకి కావాల్సిన పత్రం) ఇచ్చే అధికారం ఉండాలి. వారాంతపు సర్వమత సెమినరీలకు సాధారణంగా అది ఉండదు. పైగా పూర్తికాల చదువు లెక్కలోకి ఒక టర్మ్‌లో ఒక్క ఆన్‌లైన్ తరగతే, అంటే మూడు క్రెడిట్లే వస్తాయి. డిగ్రీలో భాగంగా సీపీఈ చేస్తే దానికి సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే) అనుమతి ముందే తీసుకోవాలి.

హెచ్‌-4 మీద ఉన్నవాళ్లు ఎంతైనా చదువుకోవచ్చు. కానీ ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకుండా రెసిడెన్సీ స్టైపెండ్ తీసుకోవడం ఉద్యోగం కిందికే వస్తుంది. స్టైపెండ్ లేని యూనిట్ విషయంలో కూడా ఆసుపత్రితో ఒప్పందం చూపించి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగడం మంచిది. హెచ్‌-1బీ వాళ్లు సాయంత్రాలు చదువుకోవచ్చు, అయితే పెళ్లి చేయించి పుచ్చుకునే సంభావన కూడా ఆదాయమే. అది అనుమతి లేని పని అవుతుంది. ఈ మాట ఏ సెమినరీ బ్రోచర్‌లోనూ ఉండదు. చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు బీ-2 మీద క్రెడిట్లు వచ్చే కోర్సులో చేరకూడదు.

ఆర్‌-1 మత సేవకుల వీసా కోసం సర్వమత ఆర్డినేషన్ తీసుకుందామనేవాళ్లు కనిపిస్తుంటారు. ఆ వీసాకి దరఖాస్తుకి ముందు వరుసగా రెండేళ్లు అదే మతశాఖలో సభ్యత్వం ఉండాలి. లాభాపేక్ష లేని మత సంస్థే పిటిషన్ వేయాలి. వారానికి కనీసం 20 గంటల పని ఉండాలి. మొత్తం గడువు 5 ఏళ్లు. ఆర్డినేషన్ కాగితం వీటిలో దేనికీ బదులు కాదు.

ఆధ్యాత్మిక మార్గదర్శనం

ఒకరి ఆధ్యాత్మిక జీవితం గురించి వాళ్లతో క్రమంగా కూర్చుని మాట్లాడే ఈ పనికి స్పిరిచువల్ డైరెక్షన్ అని పేరు. దీని కోర్సులు సాధారణంగా రెండు మూడేళ్లు నడుస్తాయి. ఈ పనికి రాష్ట్ర లైసెన్సు లేదు, ఈ రంగంలో పేరున్న అంతర్జాతీయ సంఘం కూడా ఎవరినీ సర్టిఫై చేయదు. ఇక్కడ విలువ కాగితానిది కాదు, మీకు పర్యవేక్షణ ఇచ్చేవారిది. కోర్సులో మీరు ఎంతమందితో ఎన్ని నెలలు కూర్చుంటారు, ఆ సమావేశాల మీద ఎవరు మీతో మాట్లాడతారు అన్న రెండు ప్రశ్నలు చాలు. సైకోథెరపీ చేస్తున్నట్టు ధ్వనించే ప్రకటనలు మాత్రం పెట్టుకోకండి, దానికి లైసెన్సు కావాలి.

స్కూల్‌ను పట్టి చూడటం

అక్రెడిటేషన్ ఉందని స్కూల్ చెబితే, ఇచ్చింది ఎవరో చూడండి. ఆ అక్రెడిటర్ పేరు అమెరికా విద్యాశాఖ జాబితాలోనో ఉన్నత విద్యా అక్రెడిటేషన్ మండలి సీహెచ్‌ఈఏ జాబితాలోనో ఉండాలి. ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో మత సంస్థలకు మినహాయింపు ఉంది, అక్రెడిటేషన్ లేకుండానే మతపరమైన డిగ్రీలు ఇవ్వొచ్చు. అది చట్టబద్ధమే. "రాష్ట్ర ప్రభుత్వ మినహాయింపు పొందిన" అనే మాటను మాత్రం "గుర్తింపు పొందిన" అని చదువుకోకండి. అక్కడి డాక్టరేట్ పేరు ముందు బాగుంటుంది, బోర్డు దగ్గర పనిచేయదు. ఫెడరల్ విద్యారుణం దొరుకుతుందా అన్నది మంచి పరీక్ష: గుర్తింపు లేని స్కూల్‌కి అది రాదు.

బోధన ఎవరిది? ఇస్లాం పాఠం ముస్లిం చెబుతున్నాడా, బౌద్ధం బౌద్ధుడు చెబుతున్నాడా, లేక ఒకరిద్దరే అన్ని మతాలనూ చుట్టేస్తున్నారా? హిందూమతం అంటే యోగాసనాలు, ఒక ఉపనిషత్ వాక్యంతో సరిపెట్టే కోర్సులు ఉన్నాయి. మీకు బాగా తెలిసిన మతానికి వాళ్లు పెట్టిన పాఠం అడిగి చదవండి. అది ఎలా ఉందో మిగతావీ అలాగే ఉంటాయి.

మధ్యలో మానేస్తే డబ్బు ఎంత వెనక్కి వస్తుంది, ఎన్ని వారాల్లోపు? స్కూల్ మూతపడితే ట్రాన్స్‌స్క్రిప్ట్‌లు ఎవరి దగ్గర ఉంటాయి? చిన్న సెమినరీలు వ్యవస్థాపకులతో పాటే ఆగిపోవడం కొత్తేమీ కాదు. ప్రతి కోర్సు పాఠ్యప్రణాళికనూ గంటల లెక్కతో సహా పీడీఎఫ్‌గా మీ దగ్గరే పెట్టుకోండి. పదేళ్ల తర్వాత సమానత్వం అడిగినప్పుడు బోర్డు చూసేది వాటినే.

ఇప్పటికే సర్టిఫికేషన్ ఉన్నవాళ్లకు

బోర్డ్ సర్టిఫైడ్ చాప్లిన్‌లు ఏటా 50 గంటల నిరంతర విద్య చూపించాలి, ఐదేళ్లకోసారి తోటివారి సమీక్ష జరగాలి. ఇలాంటివాళ్లకు సర్వమత సెమినరీల చిన్న కోర్సులు బాగా పనికొస్తాయి. ఇక్కడ అక్రెడిటేషన్ గొడవ తగ్గుతుంది, విషయానికి మీ పనితో సంబంధం ఉండటం ముఖ్యం. రెండు రోజుల సమావేశం 12 గంటలు, నెలకోసారి గంటన్నర చొప్పున తోటి చాప్లిన్ల చర్చ 18 గంటలు, సిక్కు అంత్యక్రియల మీదో జైన సల్లేఖన (మరణం దాకా చేసే ఉపవాసం) మీదో పది గంటల ఆన్‌లైన్ కోర్సు ఒకటి, ఆసుపత్రిలోనే జరిగే నైతిక విషయాల సదస్సులు పది గంటలు. సరిగ్గా 50. ఏ రకానికి ఎంత పరిమితి ఉందో ఆ ఏడాది నిబంధనల్లో చూసుకోవాలి.

సీఈయూ (కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ యూనిట్) అనే కొలతలో చాలామంది పొరబడతారు. ఒక సీఈయూ అంటే పది గంటల బోధన. "1.2 సీఈయూ" అని రాసిన సర్టిఫికెట్‌ని గంటా పావుగా రాసుకుని, ఏడాది చివర్లో గంటలు చాలలేదని పరుగెత్తేవాళ్లు ఉన్నారు. అది 12 గంటలు. ఇంకొందరు తిరగేసి చేస్తారు, మూడు గంటల వెబినార్‌ను మూడు సీఈయూలుగా నమోదు చేస్తారు, తనిఖీలో దొరుకుతారు.

హాజరు పత్రంలో తేదీ, గంటలు, విషయం, బోధించినవారి పేరు, నిర్వహించిన సంస్థ, ఈ ఐదూ ఉండాలి. రికార్డు చేసిన వెబినార్ చూస్తే చివర్లో ప్రశ్నలకు జవాబు రాశాకే పత్రం వస్తుంది, కిటికీ మూసేస్తే మళ్లీ మొదటి నుంచి చూడాల్సి రావచ్చు. పత్రం వచ్చిన రోజే ఫైల్ పేరులో తేదీ, గంటలు రాసి ఆ ఏడాది ఫోల్డర్‌లో పడేయండి. డిసెంబర్‌లో పాత ఈమెయిళ్లు తవ్వుతూ కూర్చునే పని తప్పుతుంది.